మడత నోటు ధర

మా ఊరి ఓష్ బజారులో డాలర్లు మార్చే ఉల్కాన్ అక్కకూ నాకూ ఏళ్ళ నాటి స్నేహం. స్నేహమంటే ఏం లేదు, ఆవిడ కొట్టుకు ఎదురుగా నా టీ బండి ఉంది, రోజుకొకసారైనా ఇద్దరం పోట్లాడుకోవాలి. ఆవిడ నోటికి బజారంతా జడిసేది. మాస్కోలో కూలి చేసే మొగుడు పంపిన డాలర్లు పట్టుకుని ఏ ఇల్లాలో వస్తే, నోటును వెలుతురుకెత్తి చూసి, "ఏం తల్లీ, దీన్ని గొర్రె నమిలి ఊసిందా?" అనేది. మధ్యలో మడత ఉంటే ధరలో కోత. సిరా చుక్క ఉంటే ఇంకాస్త కోత. అలా కోసి తీసుకున్న నోట్లను ఇంట్లో గుడ్డ కప్పి ఇస్త్రీ చేసి, చైనా సరుకు తెచ్చే వ్యాపారులకు పూర్తి ధరకు అమ్మేది. అడిగితే, "నన్నేం చెయ్యమంటావే? మడత నోటు లోకంలో ఎవడూ తీసుకోడు," అనేది. మిగతా కొట్లవాళ్ళదీ అదే పాట. మేం నమ్మాం. టీ తాగిన వ్యాపారులిచ్చే డాలర్లు నేనూ ఆవిడ దగ్గరే మార్చేదాన్ని. నిజం చెప్పాలంటే ఆవిడా నమ్మింది.

కిందటి శీతాకాలం ఇద్దరం మక్కా యాత్రకు బయల్దేరాం. అన్యాయపు డబ్బుతో వెళ్తే ఆ యాత్ర చెల్లదు, ఇది మాకు ఉగ్గుపాలతోనే తెలుసు. ఉల్కాన్ అక్క ఏరి ఏరి దాచుకున్న కొత్త నోట్లను రెండు అట్టల మధ్య పెట్టి తెచ్చుకుంది. నావి మేజోడులో మడిచి కుక్కినవి. విమానంలో దారి పొడుగునా నన్ను ఏడిపిస్తూనే ఉంది.

"నీ నోట్లకు అక్కడ మంచినీళ్ళు కూడా పుట్టవే. అప్పు కోసం నా దగ్గరికే వస్తావు, చూస్తుండు."

"నిన్నడిగే బదులు దాహంతో చస్తాను, పో!" అన్నాను.

మక్కాలో డబ్బు మార్చే కొట్టు దగ్గర ముందు ఆవిడే నిలబడింది. గుమాస్తా ఆ నోట్లను యంత్రంలో ఒకసారి తిప్పి, మధ్యకు మడిచి, రబ్బరుబ్యాండు వేసి సొరుగులోకి విసిరాడు.

"ఓరి నీ చేతులు పడిపోనూ! ఏం పనిరా అది?" అని ఆవిడ మా భాషలో కేకేసింది. వాడు నవ్వేసి రియాల్స్ చేతిలో పెట్టాడు.

తర్వాత నా వంతు. నా నోట్లు యంత్రంలో ఇరుక్కుంటే అరచేత్తో సాపు చేసి మళ్ళీ పెట్టాడు. వందకు ఆవిడకు ఎన్ని రియాల్స్ వచ్చాయో నాకూ అన్నే వచ్చాయి. ఉల్కాన్ అక్క నా చేతిలోవి లాక్కుని లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది.

"వాడు సరిగ్గా చూడలేదే," అంది.

"చూశాడు. నలిపి నలిపి మరీ చూశాడు." అప్పటికిగాని నాకు వెలగలేదు. వెలిగేసరికి ఒళ్ళు భగ్గున మండింది. "అయితే ఇన్నాళ్ళూ నన్ను కూడా కోశావన్నమాట! నా టీ తాగుతూ నన్నే కోశావు!"

ఎదురు తిడుతుందనుకున్నాను. జనం తోసుకుపోతున్నా అక్కడే కొయ్యబారి నిలబడిపోయింది. "మరి నేను ఏ డబ్బుతో వచ్చానే ఇక్కడికి?" అంది. అదెంత మాటో నాకూ తెలుసు.

తిరిగి వచ్చాక, ఆనవాయితీ ప్రకారం యాత్ర చేసినవాళ్ళ చేతులు తాకుదామని జనం ఆవిడ ఇంటినిండా చేరారు. పులావు వడ్డించారు. ఉల్కాన్ అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నన్ను తాకకండి. నా యాత్ర చెల్లిందో లేదో నాకే తెలీదు. మడత ఉందని మీ నోట్లకు తక్కువిచ్చాను. మడతకు ధర తగ్గక్కర్లేదట, కళ్ళారా చూసొచ్చాను. నేను కోసుకున్నది ముందు తీసుకోండి, తర్వాత తినండి."

అందరి ముద్దలూ నోటి దగ్గరే ఆగిపోయాయి. ఇంత మాట ఆ నోటి నుంచి వస్తుందని ఎవరు కలగన్నారు? తేరుకున్నాక మాత్రం ఒకటే తోపులాట. జన్మలో డాలరు మొహం చూడనివాళ్ళూ చెయ్యి చాపారు. "నీకెక్కడివిరా డాలర్లు, సిగ్గులేదూ?" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆవిడ కాదనకుండా ఇస్తూనే పోయింది. డబ్బు పెట్టె ఖాళీ అయింది.

అప్పుడొచ్చింది బత్మా, బజారు గేటు దగ్గర ఎండబెట్టిన పెరుగు ఉండలు అమ్మే ముసలామె.

"అయిపోయింది అక్కా. రేపు నేనే తెచ్చిస్తాను," అంది ఉల్కాన్ అక్క, తలెత్తకుండా.

"డబ్బు కోసం రాలేదమ్మా. మాస్కోలో నా కొడుకు ఆసుపత్రిలో పడ్డప్పుడు, వాడు అంతకుముందు పంపిన డాలర్లు నీ దగ్గరే మార్చాను. మడత ఉందని తగ్గించావు. విమానం టికెట్టుకు చాల్లేదు. నలుగుర్నీ అడిగాను, పుట్టలేదు. బస్సెక్కాను. నేను చేరేసరికి వాణ్ని మట్టిచేసేశారు."

ఈ సంగతి బజారులో ఎవరికీ తెలీదు.

"దొంగల భయంతో ఆ నోట్లు మడిచి బట్టల్లో దాచింది నేనే. ఎందుకు మడిచానా, ఎందుకు మడిచానా అని అప్పట్నుంచీ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఇప్పుడు మడతది తప్పేం లేదన్నావట. నిజమేనా?"

"నిజమే అక్కా."

"అయితే తప్పు నాది కాదా?"

"కాదక్కా. నాది."

బత్మా ఉన్నచోటే కూలబడి, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఉల్కాన్ అక్క ఆమె ఎదుటే కూర్చుంది. దగ్గరకు తీసుకోవడానికి చేతులు రాలేదు.