పుదీన మడిలో నేను నాటిన దయ్యం

వానలు మొదలైతే చాలు, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీరు ఊరుతుంది. వాచ్‌మన్ యాదగిరి మోటరు వేసి ఆ నీటిని రోడ్డు మీదికి తోడుతుంటే, కార్ల ఆయిల్ వాసన అడుగు నుంచి సన్నగా, సిగ్గుపడుతున్నట్టు పుదీన వాసన లేస్తుంది. మిగతావాళ్లు అది డ్రైనేజీ కంపు అంటారు. కోతలు కోయడంలో నాకు అల్వాల్ అంతా పేరుంది గానీ, ఈ ఒక్క సంగతి నిజం: ఆ సెల్లార్ ఉన్నచోటే మా అవ్వ బావి ఉండేది.

అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. ఆమెది ఎకరంనర ఆకుకూరల తోట. బావిని ఆనుకుని పుదీన, దాని వెనక కొత్తిమీర, మెంతి, పాలకూర, గట్ల మీద ఎవరూ నాటకుండానే పాకిన గంగవాయిలి. చలికాలం పొద్దున ఆ తడి మడుల మీంచి గాలి వీస్తే దారిన పోయే బర్రెలు తుమ్మేవనీ, సికింద్రాబాద్ బస్సు డ్రైవరు కళ్లు మూసుకునే మా స్టాపులో బ్రేకు వేసేవాడనీ చెబుతుంటాను. కనీసం బర్రెల సంగతైనా నమ్మండి. పొద్దు పొడిచేసరికి నలుగురు ఆడవాళ్లు వచ్చి, కొంగులు నడుముకు దోపి, ఆకు కోసి, బావి మెట్ల మీద వరుసగా కూర్చుని కడిగి, తడిపిన జనపనారతో కట్టలు కట్టేవారు. బతుకమ్మ రోజుల్లో గట్టు మీది తంగేడు పూలు వాళ్లవే, మా ఇంట్లో రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దల్లో మొదటివీ వాళ్లవే. అందరిలో పెద్దది మల్లమ్మ. పుదీన పసరుతో ఆమె వేళ్లు ఎప్పుడూ పచ్చగా ఉండేవి.

నాయినకు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. మట్టిలో దిగే మగమనిషి ఇంట్లో లేకుండా పోయాడు. మాకు రెండు వైపులా తోటలు అప్పటికే హద్దురాళ్లు పాతుకుని కాలనీలయ్యాయి. నాకప్పుడు పదేళ్లు. ఒకరోజు తలుపు చాటు నుంచి విన్నాను.

"ఎన్నొద్దులు గీ ఆకు కోస్కుంట కూసుంటవే అమ్మా? ప్లాట్లు చేస్తే పరేషానే ఉండది" అన్నాడు నాయిన.

"నలుగురు ఆడోళ్లు బతుకుతున్నరు రా దీని మీద. ఆళ్లు వచ్చినన్ని దినాలు నా జాగ పోనియ్య" అంది అవ్వ.

అవ్వ మాట ఒక్కటే తోటను కాపాడుతుందని నాకు నమ్మకం కలగలేదు. మర్నాడు ప్లాట్లాయన జీపులో వచ్చి బావిలోకి తొంగి చూస్తుంటే దగ్గరికి పోయాను.

"అంకుల్, గీ బాయిల ఒకామె ఉంటది. మిట్ట మధ్యాహ్నం మెట్ల మీద కూసుంటది. మోచేతుల దాక పచ్చగుంటది. ఎడమ కాలికే పట్టగొలుసు."

ఆ గొలుసు ఊరికే పుట్టలేదు. అంతకు వారం ముందే నా కుడికాలి గొలుసు ఆ బావిలో జారిపోయింది. దెబ్బలకు భయపడి, లంగా అంచు కిందికి లాగి, మిగిలిన ఒక్కదానితో తిరుగుతున్నాను.

ఆయన పకపకా నవ్వాడు. "ఫికర్ చెయ్యకు బేటా, బావి పూడుస్తం గద, ఆమె సుత పోతది."

ఆయన భయపడలేదు. నా వెనక మెట్ల మీద మాత్రం ఆకు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

మొదట ఆ ఆడవాళ్లూ వేళాకోళమే ఆడారు. "ఏందే పోరీ, మీ దయ్యానికి కట్టలు కట్టొస్తదా? కూలి లేకుంటనే చేస్తదా?" అంది మల్లమ్మ. మూడోరోజు మధ్యాహ్నం ఆమే పాచిమెట్టు మీద జారి పడింది. బెణికింది ఎడమకాలు. ఆ వారం ఇద్దరు రాలేదు. తర్వాత మిగతా ఇద్దరూ మానేశారు. పక్క కాలనీలో బాసన్లు తోమే పనులు అప్పుడే షురూ అయ్యాయి కాబట్టి, దయ్యం లేకపోయినా వాళ్లు పోయేవాళ్లేనని నాకు నేను చెప్పుకుంటాను. నేను చెప్పిన కథలన్నిటిలోకీ దీన్నే ఎక్కువసార్లు చెప్పాను, దీన్నే తక్కువ నమ్మాను.

నిజం చెప్పి ఉండొచ్చు. చెబితే గొలుసు సంగతి బయటపడుతుంది. నోరు మూసుకున్నాను. బతుకమ్మ నాటికి పుదీన కాడలు ముదిరి ఊదారంగు పూలు పూశాయి. అవ్వ ఒక్కతే ఒంగి ఒంగి కోసేది. కోసినంతకన్నా ఎండిపోయిందే ఎక్కువ. చివరికి కాగితాల మీద వేలిముద్ర వేసింది.

టిప్పర్లు వచ్చి బావిలో మట్టి కుమ్మరిస్తుంటే అవ్వ నా పక్కనే నిలబడి చూసింది. చాలాసేపటికి నా కాళ్ల వైపు చూసి మెల్లగా అడిగింది: "ఆమెకు గూడ నీ లెక్కనే ఒక్క కాలికే ఉందానే, బిడ్డా?"

తిట్టలేదు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తనూ లేదు.

ఇప్పుడు పుదీన ఎక్కడి నుంచో ప్లాస్టిక్ పొట్లంలో, వాసన లేకుండా ఇంటికొస్తుంది. అవ్వ లేదు, తంగేడు గట్టు లేదు, తుమ్మే బర్రెలూ లేవు. మొన్న యాదగిరి భార్య లక్ష్మి, కొత్తగా అద్దెకు దిగినావిడకు చెబుతుంటే విన్నాను: "పగటీలి, మిట్ట మధ్యాహ్నం, సెల్లార్లకు పోకమ్మా. చేతులు పచ్చగుండే ఒకామె ఉంటది. ఎడమ కాలికే గొలుసు."

"అది నేను పుట్టించిన అబద్ధమే లక్ష్మీ" అన్నాను.

లక్ష్మి నవ్వింది. "మీ కతలు మాకెరుక లేదా అమ్మా!"

ఆమె అబద్ధమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా మిట్ట మధ్యాహ్నం సెల్లార్‌లోకి నేనూ దిగను. ఇన్నేళ్లుగా ఆ బావి అడుగునే ఉన్న మనిషికి, నా కుడికాలి గొలుసు ఈపాటికి దొరికే ఉంటుంది.