దేవకుమార్ పెంచిన స్పీడు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చిలో వీడియోలు ఎడిట్ చేసే బాధ్యత దేవకుమార్‌ది. ఎడిటింగ్ మాత్రం ఆయన ఎప్పుడో గాని చేయడు. తన పాత కంప్యూటర్‌ను ఎడిటింగ్‌కు సిద్ధం చేయడంలోనే వారాంతాలన్నీ గడిచిపోతాయి. పక్క మూత ఊడదీసి, నుదుటికి టార్చిలైటు కట్టుకుని, పెయింట్ బ్రష్‌తో ఫ్యాన్ల మీది దుమ్ము దులుపుతాడు. కొత్త మెమరీ వేస్తాడు. దాన్నే మళ్లీ ఊడదీసి, ఉఫ్‌మని ఊది, అక్కడే బిగిస్తాడు. కొత్త కంప్యూటర్ కొనుక్కోమని ఎవరైనా అంటే, కన్నబిడ్డను అమ్మేయమన్నట్టు చూస్తాడు.

క్రిస్మస్‌కు పిల్లలు వేసిన నాటకం వీడియో, ఈస్టర్ దగ్గరపడినా బయటికి రాలేదు. కూతురు ఫెబీ అందులో గొర్రెల కాపరి. "డాడీ, నా ప్లే ఎప్పుడు చూడొచ్చు?" అని రోజూ అడిగేది. ఒక శనివారం ఆయన డిస్క్ మొత్తం తుడిచేసి, అన్నీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, భార్యను కేకేశాడు.

"వసంతా, చూడు! రెప్పపాటులో ఆన్ అయింది!"

"బాగుంది. నాటకం ఏదండీ?"

దేవకుమార్ ముఖం పాలిపోయింది. నాటకం ఉన్నది ఆ డిస్క్‌లో ఒక్కచోటే.

మర్నాడు చర్చిలో పిల్లల ముందు నిలబడి సంగతి చెప్పాడు. వాళ్లకు పండగే అయింది. ఈస్టర్ పూట దుప్పట్లు కప్పుకుని క్రిస్మస్ నాటకం మళ్లీ వేస్తే, దేవకుమార్ మళ్లీ వీడియో తీశాడు. ఇంటికొచ్చాక వసంతకుమారి ఆయన్ని కుర్చీలోంచి లేపి, తానే కూర్చుని ఎడిట్ చేసింది. సాయంత్రానికల్లా పూర్తయింది. తెరమీద తనను చూసుకుని ఫెబీ చప్పట్లు కొట్టింది. దేవకుమార్ కళ్లు తుడుచుకున్నాడు.

"చూశావా వసంతా," అన్నాడు గద్గదంగా, "మన కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు!"