కోరుట్ల రోడ్డు మీద చైనా పాఠం

తెలంగాణ ఉద్యమ రోజుల్లో జగిత్యాలలో ఉపన్యాసం ఇవ్వడానికి వెళుతుంటే కోరుట్లలో మా బస్సు ఆగిపోయింది. జనం నడిరోడ్డు మీద వంటావార్పు చేస్తున్నారు. నాకు అన్నం పెడుతున్న బీడీ కార్మికురాలు లక్ష్మమ్మకు తెగింపంటే ఏమిటో నేర్పబోయాను.

"చైనావాళ్లు 'గిన్నెలు పగలగొట్టి పడవలు ముంచడం' అంటారమ్మా. పూర్వం ఒక సేనాని నది దాటగానే పడవలు ముంచి, వంటగిన్నెలు పగలగొట్టించి, మూడు రోజుల తిండే ఉంచాడు. వెనక్కి పోయే దారి లేక సైన్యం గెలిచింది."

"మూడు రోజులల్ల కొట్లాట ఒడవకపోతె నాలుగో రోజు దేంట్ల వండుకుంటరు సారూ? మాది ఎన్నేండ్లు పడ్తదో ఎర్కలేదు. వండుకునే మా గంజులు పదిలముండాలె. నువ్వు ముందుగాల తిను."

ఇరవై ఏళ్లుగా చరిత్ర చెబుతున్న నాకు ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. పాఠం పక్కన పెట్టి, రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. బస్సు కదిలేసరికి ఉపన్యాసం వేళ దాటిపోయింది. జగిత్యాల శ్రోతలు బతికిపోయారు.