ఒక్క చట్నీ గిన్నె

విదేశీ సహాయ సంస్థలు తమ పనులు ఒకరికొకరు చెప్పుకునేలా చూడడం నా ఉద్యోగం. ఎన్ని మెయిళ్లు పెట్టినా ఎవరూ చెప్పుకునేవారు కాదు. ఓసారి బిలాస్‌పూర్‌లో మీటింగుకి రెండు వేర్వేరు సంస్థల నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. హాల్లో కరెంటు పోవడంతో మా రైల్వే క్వార్టర్‌కి తీసుకెళ్లాను. అమ్మ ఇడ్లీలు పెట్టింది. ఇద్దరూ ఫోన్లలో మునిగిపోయారు.

“ఏటే, ఈళ్లు మాటాడుకోరేటి?” అంటూ అమ్మ చట్నీ గిన్నె ఒకాయన చేతిలో పెట్టి, రెండో ఆయనకి వడ్డించమని సైగ చేసింది. సిగ్గుతో నా తల వాలిపోయింది.

ఆయన మాత్రం నవ్వుతూ వడ్డించాడు. “మీరు పనిచేసేదెక్కడ?” అని అడిగాడు.

“ఈ ఊళ్లోనే, లింగియాడీహ్‌లో. ఆడవాళ్లకి కుట్టుపని నేర్పుతున్నాం.”

“అచ్ఛా, మేమూ అక్కడే. అదే పని.”

గిన్నె ఖాళీ అయ్యేసరికి రెండు పనులూ కలిపి ఒకటిగా చేద్దామనుకున్నారు.

నాన్న రిటైరయ్యాక ఆ క్వార్టర్ వదిలేశాం. ఇప్పుడు మీటింగులన్నీ స్క్రీన్ మీదే. ఎవరూ ఎవరికీ ఏదీ అందించనక్కర్లేదు.