తంబాకు వాసన వచ్చే విస్కీ

రాజేశం తాగుబోతు కాడని కోరుట్లలో అతణ్ని ఎరిగినవాళ్లంతా ఒప్పుకుంటారు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన ఆ మనిషి సాయంత్రం పూట సీసా మూతెడు విస్కీ పోసుకునేవాడు. దాన్ని గంటసేపు వాసన చూసి, రెండు చుక్కలు నాలుక మీద తిప్పి, పాత డిపో డైరీలో రాసుకునేవాడు. "చెరుకు పానకం. కాల్చిన మక్క కంకి. వానకు తడిసిన గోనె సంచి." అక్కడితో తాగుడు అయిపోయేది.

ఈ పిచ్చి అంటించింది సిరిసిల్ల జైపాల్. ఇద్దరూ ఐటీఐలో ఒక బెంచీ వాళ్లు. జైపాల్ బహ్రెయిన్ వెళ్లి ఒక హోటల్ బార్‌లో కుదురుకున్నాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా మంచి సీసాలు తెచ్చి, ఎట్లా చూడాలో నేర్పాడు. రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్దాలి. ఘాటు ఎగిరిపోయాక చేతిలో మిగిలేదే అసలు వాసన.

రాజేశం చేతుల్లో మాత్రం ఎప్పుడూ డీజిలే మిగిలేది. సబ్బు, నిమ్మచెక్క, ఇటుకపొడి, ఏది రుద్దినా పోయేది కాదు. అందుకని భార్య విజయ చెయ్యి అడిగేవాడు. ఆమె అరుగు మీద బీడీలు చుడుతూ ఉండేది.

"ఏయ్, జెర చెయ్యి ఇయ్యి."

"ఆగు, కడుక్కోని అస్త. అందరు మొగోళ్లు మందు తాగి పెండ్లాన్ని తిడ్తరు. నువ్వు పెండ్లాం చేతిల పోసి వాసన జూస్తవ్. నీ అసొంటోన్ని యాడ జూడలే."

అంటూనే కడిగిన చెయ్యి చాపేది. అతను దాని మీదికి వంగేవాడు. డైరీలో నచ్చిన ప్రతి విస్కీ కింద చివరి మాట ఒకటే ఉండేది: తంబాకు. జైపాల్ ఆ డైరీ చదివి తల ఊపేవాడు. "మా బార్ల ఎవ్వడు గూడ గింత లోతుకు పోడు రా."

పోయిన ఎండాకాలం విజయ గుండె ఆగి చనిపోయింది. రాజేశం సీసాలన్నీ అటక మీద పెట్టేశాడు. ఇల్లంతా తిరిగేవాడు. కూర్చున్న కుర్చీలోంచి లేచి ఇంకో కుర్చీలో కూర్చునేవాడు, అక్కడా నిలవలేకపోయేవాడు.

అట్లాంటి రోజుల్లో జైపాల్ ఫోన్ చేశాడు. ఉద్యోగం వదిలి పూర్తిగా వచ్చేశాడు. ఆదివారం దావత్. "మూడు సీసాలు తెచ్చిన. నువ్వు ఏది అంటె గదే పెడ్త. ముందుగాల వచ్చి చూడు."

శుక్రవారం పొద్దున్నే డైరీ సంచిలో వేసుకుని రాజేశం సిరిసిల్ల బస్సెక్కాడు. దారిలో మూడుసార్లు సీటు మారాడు. గేర్‌బాక్స్ చప్పుడు బాగాలేదని డ్రైవర్‌కు చెప్పి, నీ పని నువ్వు చూసుకోమనిపించుకున్నాడు.

జైపాల్ ఇంటి వెనక మరమగ్గాలు టకటకలాడుతున్నాయి. రాజేశం రిటైరై రెండేళ్లు, చేతుల్లో డీజిల్ పోయింది. తన అరచేతిలోనే రుద్దుకున్నాడు. మొదటిది బెల్లం, నారింజ తొక్క. రెండోది పొగ. మూడోది తేనె, వెనకనే పసుపు ఉడకబెట్టిన కళ్లం. అంతే. మళ్లీ రుద్దాడు. తంబాకు లేదు. రెండోది మూడేళ్ల కింద చూసిన రకమే. డైరీ తీసి చూస్తే దాని కింద "తంబాకు, బాగా" అని ఉంది.

"జైపాల్, గిది అసలుది కాదు."

"ఏంది?"

"గప్పుడు తంబాకు వచ్చింది. ఇప్పుడు వస్తలేదు. మూడు గూడ డూప్లికేటే. నిన్ను ఎవడో ముంచిండు."

జైపాల్ ముఖం మాడిపోయింది. "ఇరవై రెండేండ్లు గీ సీసాల నడుమ బతికిన. నా చేతులతోని ఏరుకోని తెచ్చిన. నాకే చెప్తున్నవా?"

జైపాల్ రెండో సీసాలోంచి కొంచెం దగ్గుమందు సీసాలో పోసి రాజేశం సంచిలో కుక్కాడు. "తీస్కపో. నిమ్మలంగ చూడు. గప్పుడు గూడ డూప్లికేటే అంటె, దావతుకు రాకు."

తిరుగు బస్సులో రాజేశం మూత తీసి వాసన చూశాడు. పక్కన హనుమాన్ మాల వేసుకున్న ఆయన "ఆంజనేయా!" అని లేచి ముందుకు పోయాడు. కొండగట్టు దాటేలోపు ఐదుసార్లు చూశాడు. తంబాకు రాలేదు. సీసాలు మంచివే అయితే ముక్కు పోయినట్టు. విజయతోపాటే అదీ పోయిందా? కోరుట్ల దాకా కూర్చోవడం వల్ల కాలేదు. జగిత్యాలలో దిగి అక్క రాజవ్వ ఇంటికి నడిచాడు.

రాజవ్వ గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏందిరా తమ్మీ, మొఖం గట్లైంది? సంచిల ఏంది?"

"మందు. వాసన జూస్తున్న."

"మందా? ఇటు తే. మోకాలు గుంజి గుంజి సంపుతున్నది."

"అక్కా, గది మోకాళ్లకు కాదే..." అనేలోపు సీసా లాక్కుని గుప్పెట్లో వంపుకుని మోకాలికి రుద్దేసింది. వాసన లేచింది. పొగ, ఆ వెనక తంబాకు, ఎండిన తునికాకు. రాజేశం ఆమె చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పిచ్చి లేసిందారా?"

"చెయ్యి కడుక్కోని రా. సబ్బుతోని కడుగు."

రాజవ్వ గొణుక్కుంటూ కడుక్కుని వచ్చింది. రెండు చుక్కలు వేశాడు. మళ్లీ అదే తంబాకు.

"ఎంత కడిగినా గిది పోదురా. నలబై ఏండ్ల సంది చుడుతున్న. విజయ చేతులు గూడ గింతే గదా."

రాజేశం ఆమె వేళ్ల వంక చూశాడు. కొసలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. బీడీల ఇంట్లో ఉండీ ఉండీ ఉత్త తంబాకు అతని ముక్కుకు ఆనేది కాదు. విస్కీ తగిలినప్పుడే లేచేది. తన చేతుల్లో డీజిల్ ఉందని ఆమె చెయ్యి అడిగాడు, ఆ చేతిలో ఏముందో ఒక్కసారీ అనుకోలేదు.

రాజవ్వ అడుగున మిగిలింది రెండో మోకాలికి రుద్దుకుంది.

ఆదివారం జైపాల్ వాకిట్లో కుర్చీలు వేయిస్తున్నాడు. రాజేశాన్ని చూసి ఇంకో కుర్చీ అందుకున్నాడు.

"సీసాలు అసలువే," అన్నాడు రాజేశం. "తప్పు నాది."

"ముక్కు పోయిందా?"

"ముక్కు మంచిగనే ఉంది." జరిగిందంతా చెప్పాడు.

జైపాల్ చేతిలో కుర్చీ అట్లనే ఉండిపోయింది. "అంటే నువ్వు రాసుకున్న తంబాకు..."

"విజయది."

"ఓరి నీ... నువ్వు చెప్పినవని మా బార్ల గూడ చెప్పిన. తెల్లోళ్లు వాసన జూసి, అవునవును తంబాకున్నదని అన్నరు గదరా!"

ఇద్దరూ నవ్వారు. జైపాల్ ముందు ఆపాడు.

మూడు సీసాలూ మళ్లీ ముందు పెట్టాడు. రాజేశం నిలబడే ఒక్కొక్కటి అరచేతిలో రుద్దుకున్నాడు. మూడోది చాలాసేపు చూశాడు.

"గిది పెట్టు. గిదే మంచిగున్నది."

జనం వచ్చారు, గ్లాసులు నిండాయి. రాజేశం మాత్రం కూర్చోలేదు. మూతెడు పోసుకుని గేటు దాకా, మగ్గాల షెడ్డు దాకా తిరుగుతూనే ఉన్నాడు. షెడ్డు గోడకు ఆనించి డైరీ తెరిచాడు. తేనె. ఉడికిన పసుపు. పెన్ను ఆగింది. అరచెయ్యి ఇంకోసారి ముక్కు దగ్గరికి పోయింది.

తంబాకు లేదు, అని రాశాడు.