తప్పుకి ఇరవై గెడలు

మా బావకి ఇంగ్లీషు వ్యాకరణమంతా వచ్చు, ఒక్క మాట్లాడడమే రాదు. నాకు మాట్లాడడం వచ్చు. నా వ్యాకరణం సంగతి స్కూలు ఫైనల్లో రెండుసార్లు తేలిపోయింది.

ఏలూరులో ఒక ఆఫీసు గుమాస్తా పనికి బావ దరఖాస్తు పెడితే, నెల తరవాత దొరగారే స్వయంగా మాట్లాడి చూస్తారని కబురొచ్చింది. బావ తండ్రి, అంటే మా మావయ్య, ఒకటే మాట అన్నాడు: "ఈసారీ రాకపోతే పుస్తకాలు అటకెక్కించి వల పట్టు." బావ వల పట్టుకుంటే లాభం చేపలకే. అందుకని బావ నోరు తెరిపించే పని నేను నెత్తిన వేసుకున్నాను.

మా కొల్లేటికోట నుంచి రోజూ తెల్లవారగానే ఒక ముసలాయన చేపల బుట్టలతో ఏలూరు వైపు గట్టుకి పడవ నడిపేవాడు. బాబాయి అని పిలిచేవాళ్ళం. ఆ పడవెక్కి గట్టు చేరేదాకా ఇంగ్లీషే మాట్లాడాలని, తప్పు మాట్లాడినవాడు ఇరవై గెడలు వెయ్యాలని పందెం కట్టాం. గెడంటే మనిషికి రెండింతలుండే వెదురు. దాన్ని నీటి అడుగు బురదలో గుచ్చి బలంకొద్దీ తోస్తే పడవ కదులుతుంది, నడుము కూడా.

అయితే తీర్పు చెప్పేదెవరు? నేను చెబితే బావ ఒప్పుకోడు, బావ చెబితే నేనొప్పుకోను.

"నేను చెబుతాలే," అన్నాడు బాబాయి, గెడ పక్కన పెట్టేస్తూ.

"మీకు ఇంగ్లీషు రాదు కదండీ?" అన్నాను.

"తప్పు చేసినోడి మొహం తెలీదా అబ్బాయ్? కానివ్వండి."

నేను మొదలెట్టాను. "మై ఫాదర్ ఆర్ గోయింగ్ టు భీమడోలు!"

బావ ఎగిరిపడ్డాడు. "ఆర్ ఏంట్రా? ఒక్క మనిషికి ఈజ్ అనాలి!"

"నాన్నగారిని పట్టుకుని వెళ్తున్నాడంటానా బావా? తన్నులు నువ్వు తింటావా?"

బాబాయి నా మొహం పరకాయించి చూశాడు. "గడగడా అన్నాడు. తప్పు లేదు."

బావ వంతు వచ్చింది. "మై అంకుల్..." అని ఆగి, లోపల సూత్రాలన్నీ ఒకసారి చూసుకుని, "ఈజ్ గోయింగ్," అన్నాడు.

"మాట మింగాడు. ఇరవై!" అన్నాడు బాబాయి.

వాక్యం నిక్షేపంలా ఉంది. అయినా గెడ బావ చేతికొచ్చింది. ఘోరమైన అన్యాయమే కాని, గెడ నా చేతిలో లేదు కనక నేను అప్పీలు చెయ్యలేదు.

నెలంతా అదే వరస. "యస్టర్‌డే ఐ డిడ్ నాట్ వెంట్" అని నేను చాటినా బాబాయి తల ఊపేవాడు. బావ మాత్రం ఒప్పులన్నిటికీ శిక్ష అనుభవించాడు. మూడో వారానికి గెడ భయంతో ఆగకుండా మాట్లాడడం మొదలెట్టాడు. తప్పులూ వచ్చాయి, శిక్ష తగ్గింది.

దొరగారు రమ్మన్న రోజు ఎదురుగాలి. పడవ ముందుకి ఒక బార, వెనక్కి ఒక మూర. ముగ్గురం వంతులేసుకుని గెడ వేశాం. గట్టు తగిలిందో లేదో చేపల బుట్టలు ఎవరికో అప్పగించి పరుగో పరుగు! ఆఫీసు గడియారం పది కొడుతుంటే బావని లోపలికి తోశాను.

నేనూ బాబాయీ కిటికీ ఊచలు పట్టుకున్నాం. దొరగారు ఏదో అడిగాడు. బావ నిలువునా బిగుసుకుపోయాడు. నా గుండె మెట్లమీదకి దొర్లిపోయిందనుకున్నాను. చూస్తే అది జారిన నా కండువా.

ఇంతలో దొరగారి చూపు బావ అరచేతిమీద పడింది. బొబ్బ చితికి నెత్తురు కారుతోంది. ఏమైందని అడిగాడు.

"సర్! టుడే విండ్ ఈజ్ టూ మచ్! వుయ్ ఆర్ పుషింగ్ బోట్ సిన్స్ త్రీ అవర్స్!"

కట్ట తెగింది! గాలి, బురద, పందెం, ఇంగ్లీషు రాని న్యాయాధికారి, అంతా వచ్చేసింది. నాకు తెలిసినవే ఏడు తప్పుల దాకా లెక్కపెట్టి వదిలేశాను. దొరగారు పడీపడీ నవ్వాడు.

బావ బయటికొచ్చాడు.

"ఏమన్నాడు?"

"సోమవారం రమ్మన్నాడు."

"ఉద్యోగానికా?"

"అడగలేదురా. మాట్లాడుతూనే వచ్చేశాను."

అయినా ముగ్గురం ఆ వరండాలోనే గెంతడం మొదలెట్టాం. బంట్రోతు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏవండీ, కొత్త గుమాస్తాగారూ! సోమవారం నుంచి ఎలాగూ ఇక్కడే కదండీ ఉంటారు. ఇవాళ్టికి మెట్లు దిగి గెంతండి."