మామిడిపండుకు టికెట్ చెక్

దావీదుగారు పండును ఊరికే కొనరు, టికెట్ చెక్ చేస్తారు. ఉద్యోగమంతా కాజీపేట మీదుగా పోయే రైళ్లలో టీసీగా తిరిగారు. రిటైరయ్యాక ప్రయాణికులు కరువై పళ్ల మీద పడ్డారు. ఏ పండు ఎక్కడ ఎక్కింది, దారిలో ఎక్కడెక్కడ ఆగింది, ఆగిన ప్రతిచోటా ధర ఎందుకు పెరిగింది... ఇవన్నీ తేలేదాకా సంచీ తెరవరు.

ఒక పెళ్లిలో అరటిపండు చేతిలో పెడితే, "ఇది మార్కెట్ యార్డుల దిగి అచ్చిందా, తోటకెళ్లి సీదా అచ్చిందా?" అని పెళ్లికొడుకునే నిలదీశారు.

కోడలు కీర్తనది ఇంకో బాధ. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన ఆమెకు పసుపుపచ్చగా మెరిసే ప్రతి మామిడిపండులోనూ కాయల్ని మాగేసే కార్బైడే కనిపిస్తుంది. జ్వరం తగ్గిన రెండేళ్ల కొడుకు బెన్నీయేమో మామిడిపండు తప్ప ఏదీ నోట పెట్టనంటున్నాడు. తెమ్మని పంపిన మామగారు గంటైనా రాలేదు. పిల్లాణ్ని చంకనేసుకుని చౌరస్తాకు పరుగెత్తింది.

మామిడిపళ్లమ్మే చిలుకమ్మ బండి చుట్టూ జనం. పళ్లన్నీ బాగా మాగిపోయాయి. పొద్దుగూకేలోగా అమ్ముడుపోకపోతే పారబోయడమే. అది కనిపెట్టి అందరూ సగం ధరకు అడుగుతున్నారు. నడుమ దావీదుగారు ఒక పండు పైకెత్తి నిలబడ్డారు.

"ఇది యాడ ఎక్కింది, చిలుకమ్మా?"

"నెక్కొండ తోటల, సారూ."

"మరి నెక్కొండోళ్లకే అమ్మచ్చు గదా?"

"తోటకు తోట ఆడ ఎవలు కొంటరు? వరంగల్ యార్డుకు రావాలె, వేలం పాడాలె. గాడ కమీషన్, మార్కెట్ ఫీజు, హమాలీ. ఆటో కిరాయి నాది. గిదే పండు నెక్కొండ అంగట్లకు కావాల్నంటే మళ్ల ఈడి నుంచే పోవాలె."

"రానుపోను టికెటన్నట్టు!"

జనం గొల్లుమన్నారు.

"మాగేసింది దేంట్ల?"

"గడ్డిల. గంపల చెయ్యి పెట్టి చూడుండ్రి."

"మురిగినయి ఎవలి లెక్కల?"

"నా లెక్కలనే. ఇంకెవలున్నరు?"

అప్పటిదాకా సగానికి అడిగిన పెద్దమనిషి గొంతు సవరించుకుని, "సరే, రెండు కిలోలియ్యి" అన్నాడు. పక్కావిడా సంచీ చాపింది. బేరం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కీర్తన చిలుకమ్మ చెవి దగ్గరికి వంగింది. "అక్కా, మామయ్యకు ఇవన్నీ తెల్వయా?"

"ఎందుకు తెల్వది బిడ్డా? రోజూ గివే అడుగుతడు. ఈడ బేరం గట్టిగైతే సాలు, యాడున్నా ఉరికస్తడు."

ఇంతలో కొత్తగా వచ్చిన ఒకాయన, "అమ్మో, గింత రేటా!" అన్నాడు. దావీదుగారు నోరు తెరవబోయి దగ్గులో పడ్డారు, గొంతు అప్పటికే ఎండిపోయింది. కీర్తన చుట్టూ ఒకసారి చూసి, పండు పైకెత్తింది.

"చిలుకమ్మక్కా, ఇది యాడ ఎక్కింది?"

తల్లి మూడుసార్లు కడిగించిన పండును మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తినేసిన బెన్నీ, ఏ టికెట్టూ అడక్కుండా రెండోదానికి చెయ్యి చాచాడు.